మీకు తెలుసా? ఒకే బొమ్మ మీద ఎన్నో చేతులు!

ముందుగా ఓ చిక్కుప్రశ్న. బాపట్ల, రేపల్లె ఒకే జిల్లాలో ఉన్నాయి కదా, మరి ఒకచోటి నుంచి ఇంకోచోటికి రైల్లో ఎలా వెళ్తారు? ఉత్తరాన తెనాలి దాకా పోయి, మళ్లీ దక్షిణానికి దిగాలి! రేపల్లె లైను అక్కడితో ఆఖరు. ఇది మాటల్లో చెప్పేకంటే మూడు డబ్బాలు, రెండు గీతలు గీస్తే చాలు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు డాక్యుమెంట్లలో డయాగ్రమ్‌లు పెట్టేది అందుకే.

ఆ డబ్బాల్ని మౌస్ ముట్టకుండానే గీయొచ్చు! 2014లో వచ్చిన మెర్మెయిడ్ అనే ఉచిత టూల్‌లో, ఇది ఫ్లోచార్ట్ అని మొదటి లైన్లో చెప్పి, దాని కింద తెనాలి, రెండు అడ్డగీతలు, ఒక బాణం మొన, రేపల్లె అని టైప్ చేస్తే బొమ్మ అదే గీసిపెడుతుంది.

2022 ఏప్రిల్ 3 దాకా ఈ మూడు ఊళ్లూ గుంటూరు జిల్లావే, తెల్లారేసరికి అందులో మిగిలింది తెనాలి ఒక్కటే! ఇలాంటి మార్పుకి మెర్మెయిడ్‌లో ఒకట్రెండు లైన్లు దిద్దితే సరి, ఆ ఫైలును మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెడితే ఎవరు, ఎప్పుడు దిద్దారో అది గుర్తుపెట్టుకుంటుంది.

ఇద్దరు కలిసి ఒకే బొమ్మ గీస్తుంటే ఒకే తెర మీద ఇద్దరి మౌస్ బాణాలు తిరగడం కొత్త వింత అనుకుంటున్నారా? 1968 డిసెంబరు 9నే కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో చేసి చూపించాడు. రెండో మనిషి కూర్చున్న మెన్లోపార్క్ అక్కడికి దాదాపు తెనాలి నుంచి బాపట్లంత దూరం!

ఫ్లోచార్ట్‌కి తాతలాంటి ప్రాసెస్ చార్ట్ పుట్టింది కంప్యూటర్లు రాకముందే, 1921లో! దాన్ని ఇంజనీర్ల సభలో పెట్టిన గిల్‌బ్రెత్ దంపతులకు పన్నెండుమంది పిల్లలు.

కొనకుండానే వంద కోట్ల డాలర్లు కట్టిన కంపెనీ ఏది? అడోబీ! కలిసి బొమ్మలు గీసుకునే ఫిగ్మాను 2,000 కోట్ల డాలర్లకు కొంటామని 2022లో చెప్పి, నియంత్రణ సంస్థలు అడ్డుపడటంతో 2023 డిసెంబరులో విరమించుకుంది. అప్పుడు అడోబీ అధిపతి మన హైదరాబాద్‌లో పుట్టిన శంతను నారాయణ్.

డ్రా.ఐఓ అనే డయాగ్రమ్‌ల టూల్‌లో గీసి పీఎన్‌జీ ఫొటోగా దాచుకున్న బొమ్మను మళ్లీ తెరిచి డబ్బాలు జరపొచ్చు! దాచేటప్పుడు డయాగ్రమ్‌ను కూడా చేర్చమంటే చాలు, ఫొటో లోపలే అసలు గీతలన్నీ దాక్కుంటాయి. నాకైతే అన్నిట్లోకీ ఇదే ముద్దొచ్చింది.

డబ్బాల్లో తెలుగు పేర్లు రాయొచ్చా? హాయిగా! అయితే 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను గడగడలాడించింది. దాని నడుమ కంటికి కనపడని ఒక గుర్తు ఇరుక్కుంటే, ఆ అక్షరాన్ని చూపించలేక యాప్‌లే మూతపడేవి. ఆపిల్ అదే నెలలో సరిచేసింది కాబట్టి, గుంటూరు-తెనాలి దారిలోని వడ్లమూడి విజ్ఞాన్ పిల్లలు తమ కాలేజీ పేరు ధైర్యంగా రాసుకోవచ్చు!