మనవలన కాదను మాట

ధనము లేనివాడు సంపాదింపవచ్చును; చదువు లేనివాడు నేర్వవచ్చును. కాని నేర్చుట తనవలన కాదని ముందుగనే తీర్మానించుకొన్నవానికి గురువుగాని గ్రంథముగాని చేయగల సాయము స్వల్పము. వ్యక్తి విషయమున నిజమైన ఈ మాట జాతి విషయమునను నిజము. ఇందులకు దృష్టాంతము దూరదేశములందు వెదకనక్కరలేదు. హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చల్ చెంతనే కలదు.

1990వ దశకారంభమున కాలేయమును చెరచు హెపటైటిస్-బి వ్యాధికి టీకా విదేశములనుండి దిగుమతి యగుచుండెను. మోతాదు వెల దాదాపు 23 డాలర్లు. కె. ఐ. వరప్రసాదరెడ్డిగారు ఆ విద్యను కొనగోరి ఒక విదేశ సంస్థ నాశ్రయింపగా, అంత వెల మీరు పెట్టలేరనియు, పెట్టినను మీ శాస్త్రజ్ఞులకది గ్రహింప ఇరువదియైదేండ్లు పట్టుననియు సమాధానము వచ్చెనని వారే పలుమార్లు చెప్పియున్నారు. వారు జీవశాస్త్రజ్ఞులు కారు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. అయినను 1993లో తల్లి పేర శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు గదులలో పని ఆరంభమై, పిమ్మట సీసీఎంబీ పరిశోధనాలయమునకు మారెను. 1997 ఆగస్టులో టీకా వెలువడెను. ఇరువదియైదేండ్లన్న పనికి నాలుగేండ్లు చాలెను. మోతాదు దాదాపు ఒక డాలరునకే లభింపజొచ్చెను. మేడ్చల్ మండలములోని అత్వెల్లి గ్రామమున సంస్థవారు కర్మాగారమును నెలకొల్పిరి. 2009లో ఆ సంస్థ ఫ్రాన్సు దేశపు సనోఫీవారి వశమైనది. నేర్చిన విద్య మాత్రము ఇచ్చటనే నిలిచినది.

ఇచ్చట గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. మాకీ విద్య తెలియునని వరప్రసాదరెడ్డిగారు అనలేదు; నేర్వగలమని నమ్మిరి. ఆత్మవిశ్వాసమునకును ఆత్మస్తుతికిని గల భేదమిదియే. పరులు మనలను తక్కువచేసిన వేళ, సర్వమును మన పూర్వులకే తెలియునని చెప్పుకొని తృప్తిపడు అలవాటు మనలో కలదు. అది దేశభక్తివలె తోచును గాని, ఫలమున "మనవలన కాదు" అను నిరాశకు తోబుట్టువే. ఒకటి ప్రయత్నము వృథాయనును. రెండవది ప్రయత్న మనవసరమనును. రెండును పుస్తకమును మూయించునవే.

ఈ సంగతి శాస్త్రపరీక్షకును నిలిచినది. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కేరొల్ డ్వెక్ అను విదుషీమణులు ప్రకటించిన పరిశోధనలో, తెలివిగలవారని పొగడ్తపొందిన బాలురు కఠినమైన సమస్యలను తప్పించుకొనిరి. ఓటమి యెదురైనంతనే వెనుకబడిరి. శ్రమకు మెప్పుపొందినవారు కష్టమైన పనినే కోరుకొనిరి. అయితే నమ్మకమొక్కటియే సర్వరోగనివారిణి కాదు. 2019లో ప్రకటితమైన, సుమారు 12,000 మంది విద్యార్థులపై జరిగిన పరిశీలనలో, బుద్ధి అభ్యాసముచే వృద్ధిపొందునని బోధించుటవలన వెనుకబడినవారికి కలిగిన మేలు నిజమే గాని కొద్దిపాటిది. కష్టమైనదానిని చేపట్టుట తోటివారు మెచ్చు పాఠశాలలలోనే అది పొడసూపెను. విత్తనమునకు నేలయు కావలెను. శాంతా సంస్థకును విశ్వవిద్యాలయపు గదులు, ప్రభుత్వ పరిశోధనాలయము, ఒమాను దేశపు పెట్టుబడి నేలయైనవి.

నేడు శామీర్‌పేటలో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము కలదు. చేరువనే బిట్స్ పిలానీ విద్యాలయము కలదు. తుర్కపల్లివైపు జినోమ్ వ్యాలీ ప్రయోగశాలలు కలవు. 2021 జనవరిలో అత్యవసరానుమతి పొందిన కొవాక్సిన్ అచ్చటి భారత్ బయోటెక్ సంస్థదే. ఈ ప్రహరీగోడల ప్రక్కనే ప్రభుత్వ పాఠశాలలలో చదువుకొను రైతుబిడ్డలకు, కూలీల బిడ్డలకు ఆ ద్వారములు తమవికావని తోచినచో, ఆ దోషము బిడ్డలది కాదు. ఏటికి కొన్ని దినములైనను ఆ ప్రయోగశాలలు వారికి తెరువబడవలెను. ఉపాధ్యాయులును "వీనికి లెక్కలు రావు" అను తీర్పును మాని, "వీనికి లెక్కలింకను రాలేదు" అనుట నేర్వవలెను. మొదటిది శిక్ష, రెండవది పాఠము.

ఇరువదియైదేండ్లని పరులు మనకు గడువు విధించినప్పుడు మనకు రోషము వచ్చినది. మన బిడ్డలకు మనమే జీవితకాలపు గడువు విధించునప్పుడు ఆ రోషమేల రాకుండవలెనని మేము అడుగుచున్నాము.