కవలదూడల రక్తం చెప్పిన రహస్యం

పిల్లలూ! ఆవు మామూలుగా ఒక ఈతలో ఒక్క దూడనే ఈనుతుందని మీకు తెలుసు. ఎప్పుడో అరుదుగా కవలలు పుడతాయి. అలాటి కవలదూడల రక్తం పరీక్షించి, మనుషుల వైద్యానికి కూడా దారి చూపిన శాస్త్రజ్ఞుడి కథ ఇది. ఆయన పేరు రే ఓవెన్.

ఓవెన్ 1915లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక పాడిరైతు ఇంట పుట్టి, ఆవుల మధ్యనే పెరిగాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం చదివి, 1941లో డాక్టరు పట్టం పొందాడు. అక్కడ ఇర్విన్ అనే ఆచార్యుడి ప్రయోగశాలలో పశువుల రక్తాన్ని పరిశోధించేవారు. ఓవెన్ కూడా ఆ పనిలో చేరాడు.

మన రక్తంలో ఎ, బి, ఓ అనే వర్గాలున్నట్టే ఆవుల రక్తంలోనూ వర్గాలున్నాయి. వాటి ఎర్రకణాల మీద రకరకాల గుర్తులుంటాయి. దూడలో కనిపించే ప్రతి గుర్తూ తల్లి నుంచో, తండ్రి నుంచో రావలిసిందే. అంచేత రక్తం చూసి, దూడ ఏ ఆంబోతుకు పుట్టిందో, ఏ ఆంబోతుకు పుట్టలేదో తేల్చవచ్చు. మేలుజాతి పశువులను పెంచేవారికి ఇది చాలా అవసరం. అందుకని వాళ్ళు తమ పశువుల రక్తాన్ని ఆ ప్రయోగశాలకు పంపేవారు.

ఒకసారి మేరీలాండ్ రాష్ట్రం నుంచి ఒక వింత కబురు వచ్చింది. అక్కడ గెర్న్సీ జాతి ఆవు ఒకటి ఒకే రోజున రెండు ఆంబోతులతో కలిసింది. ఒకటి గెర్న్సీ జాతిది, రెండోది హెర్‌ఫర్డ్ జాతిది. తరవాత ఆ ఆవు కవలలను ఈనింది. ఒక దూడ అచ్చం గెర్న్సీలాగే ఉంది. రెండోదానికి హెర్‌ఫర్డ్ పశువులకుండే తెల్లమొహం వచ్చింది. కవలలే గాని, తండ్రులు వేరు!

అలాటప్పుడు రెండు దూడల రక్తమూ వేరువేరుగా ఉండాలి గదా? పరీక్షిస్తే రెండూ ఒకటే అని తేలింది! పైగా ఒక్కొక్క దూడ రక్తంలోనూ రెండు ఆంబోతుల గుర్తులూ ఉన్నాయి. ఒకే దూడకు ఇద్దరు తండ్రులుండటం ఎలా సాధ్యం?

ఇదేదో పరీక్షలో పొరపాటని ఓవెన్ కొట్టిపారెయ్యలేదు. ఆవు కడుపులో కవలదూడల రక్తనాళాలు సాధారణంగా ఒకదానితో ఒకటి కలిసిపోతాయని 1916లోనే లిల్లీ అనే శాస్త్రజ్ఞుడు తెలియజేశాడు. నాళాలు కలిస్తే, రక్తకణాలు కూడా అటూ ఇటూ పోవచ్చు. ఓవెన్ దూడ రక్తంలో, ఒక గుర్తు ఉన్న కణాలను మాత్రమే పగలగొట్టే ద్రవం కలిపి చూశాడు. కొన్ని కణాలు పగిలాయి, మిగిలినవి చెక్కుచెదరలేదు. అంటే, దూడలో దాని సొంత కణాలతోబాటు తోబుట్టువు కణాలు కూడా ఉన్నాయన్నమాట! ఇతర కవలలను పరీక్షిస్తే చాలా జతలలో ఇలాగే కనిపించింది.

ఎర్రకణాలు కొద్ది నెలలే బతుకుతాయి. కాని ఈ కలగలుపు పెరిగి పెద్దవైన పశువులలో కూడా ఉంది. కనక, కణాలను తయారుచేసే మూలకణాలే ఒక దూడ నుంచి మరొక దూడకు వెళ్ళి స్థిరపడి ఉండాలి. ఈ సంగతి ఓవెన్ 1945లో ప్రకటించాడు.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. పరాయి కణాలు ప్రవేశిస్తే శరీరం వాటిని నాశనం చేస్తుంది. ఒకరి చర్మం మరొకరికి అతికిస్తే నిలవకపోవటానికి కారణం అదే. మరి దూడ తన తోబుట్టువు కణాలను ఎందుకు చంపలేదు? పుట్టకముందే పరిచయమైన కణాలను శరీరం తనవిగానే భావిస్తుంది!

ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బర్నెట్ 1949లో దీన్ని ఆధారం చేసుకుని ఒక సిద్ధాంతం చెప్పాడు. ఇంగ్లండులో మెడావర్, ఆయన సహచరులు 1953లో దాన్ని చిట్టెలుకలలో ఋజువు చేశారు. పుట్టకముందే పరాయి కణాలు ఎక్కించిన ఎలుకలు, పెద్దవైనాక ఆ జాతి ఎలుకల చర్మాన్ని స్వీకరించాయి. శరీరాన్ని ఒప్పించవచ్చునన్న ఆశ, అవయవాల మార్పిడికి ప్రయత్నించే వైద్యులకు అప్పుడు కలిగింది.

1960లో బర్నెట్‌కూ, మెడావర్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. ఓవెన్‌కు రాలేదు. ఈ గౌరవంలో ఆయనకూ భాగం ఉండవలిసిందని మెడావరే ఆయనకు ఉత్తరం రాశాడు. ఓవెన్ కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలో ఎన్నో ఏళ్ళు విద్యార్థులకు చదువు చెప్పి, 98 ఏళ్ళు జీవించి, 2014లో కన్నుమూశాడు.