నిర్బంధ సేవకూ వెట్టిచాకిరికీ మధ్య: మలేషియా అనుభవం

మలేషియా రాజ్యాంగం ఆరవ అధికరణం అన్ని రకాల వెట్టిచాకిరినీ నిషేధిస్తుంది. ఆ వెంటనే, జాతీయ ప్రయోజనాల కోసం నిర్బంధ సేవను విధిస్తూ చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇస్తుంది. నిర్బంధ సైనిక సేవ న్యాయమా కాదా అన్న వివాదమంతా ఈ రెండు మాటల నడుమనే ఉన్నది. వెట్టికీ సేవకూ మధ్య గీత ఎక్కడ?

అక్కడి తెలుగువారికి ఇది కేవలం సిద్ధాంత చర్చ కాదు. జపాను ఆక్రమణ కాలంలో మలయా రబ్బరు తోటల నుండి వేలాది దక్షిణ భారత కూలీలను సయాం-బర్మా రైలుమార్గ నిర్మాణానికి తరలించారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కొందరిని కూలి ఆశ చూపి, మరికొందరిని బలవంతాన తీసుకుపోయారు. 1943లో పూర్తయిన సుమారు 415 కిలోమీటర్ల ఆ మార్గం వెంట కలరా, మలేరియా, రక్తవిరేచనాలు, పస్తులు వేలమందిని బలిగొన్నాయి. వారి ప్రాణాలకు జవాబు చెప్పవలసినవారు ఎవరూ లేరు. అది వెట్టి.

స్వతంత్ర దేశం ఇచ్చే పిలుపు వేరు. 1964లో ఇండోనేషియాతో ఘర్షణ ముదిరినప్పుడు మలేషియా యువకులను సైనిక సేవ నమోదుకు పిలిచింది. రక్షణ ఫలం అందరిదీ గనుక భారమూ అందరూ మోయాలన్న వాదానికి అటువంటి సమయంలో బలం ఉంటుంది.

2003లో చేసిన జాతీయ సేవా శిక్షణ చట్టం ఉద్దేశం యుద్ధం కాదు. వేర్వేరు భాషల బడులలో చదివిన మలయ్, చైనీస్, భారతీయ సంతతి యువతను ఒకచోట చేర్చి ఐక్యత పెంచడం దాని లక్ష్యం. 2004 నుండి, కంప్యూటర్ ఎంపిక చేసిన యువతీయువకులు మూడు నెలలు శిబిరాలలో గడపవలసి వచ్చింది. హాజరు కానివారికి జరిమానా, జైలు శిక్షలను చట్టం నిర్దేశించింది.

పరస్పర పరిచయం లేని సమాజాలకు ఇదొక అవకాశమని సమర్థకులు వాదించారు. స్నేహాన్ని శాసనంతో పుట్టించగలమా, ఐక్యత అందరికీ అవసరమైతే కొందరినే ఎందుకు పిలవాలి అని విమర్శకులు ప్రశ్నించారు. శిబిరాలలో కొందరు శిక్షణార్థులు మరణించడంతో ఆరోగ్య పరీక్షల గురించి, వైద్య సదుపాయాల గురించి ఆందోళన పెరిగింది. ఖర్చు భారమై 2015లో నిలిచిన ఈ కార్యక్రమం మరుసటి ఏడాది మళ్ళీ మొదలై, 2018లో రద్దయింది. 2025 జనవరిలో 45 రోజుల శిక్షణగా తిరిగి వచ్చింది.

నిర్బంధం సమర్థనీయం కావాలంటే అవసరం నిజమైనదై ఉండాలి, భారం సమానంగా పడాలి, పిలిచిన ప్రభుత్వం పిలుపు అందుకున్నవారి ప్రాణానికి బాధ్యత వహించాలి. తోటల కూలీల విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ నెరవేరలేదు. శిక్షణ శిబిరాల విషయంలో ఏ మేరకు నెరవేరాయన్నదే మలేషియాలో నేటికీ తెగని చర్చ.