వెలిసిన ఎరుపు, తెరవని మూత

గదిలో లైట్లన్నీ ఆర్పేసి, అతినీలలోహిత దీపం ఒక్కటే వెలిగించి, పాత గిటార్‌ను దాని కింద మెల్లగా తిప్పుతారు. అరవై ఏళ్ల నాటి లక్కరు ఆ వెలుతురుకి లేత పసుపుపచ్చగా మెరుస్తుంది. మధ్యలో ఎక్కడైనా అరచేతి మేర నల్లటి మచ్చ కనిపించిందంటే బేరం అక్కడే ఆగుతుంది. ఆ చోట ఎవరో తర్వాత మళ్లీ పూత పూశారన్నమాట. పగటి వెలుగులో ఎంత వెతికినా ఆ అతుకు కంటికి ఆనదు.

కొనేవాళ్లు ఇంత తంటా పడేది ముఖ్యంగా ఒక మోడల్ దగ్గర. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూలో గిబ్సన్ కంపెనీ 1958 నుంచి 1960 దాకా చేసిన లెస్ పాల్ స్టాండర్డ్ అది. అంచుల్లో ఎరుపు, నడిమికొచ్చేసరికి పసుపు. అందుకే సన్‌బర్స్ట్ అన్నారు, ముద్దుగా ‘బర్స్ట్’. అప్పటి ధర మూడు వందల డాలర్ల లోపే. అయినా పెద్దగా అమ్ముడుపోలేదు. పదిహేను వందలకు అటూ ఇటూగా చేసి, గిబ్సన్ ఆ ఆకారాన్నే పక్కన పెట్టేసింది. 1966లో జాన్ మేయాల్ బృందంతో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ దాన్ని వాయించిన రికార్డు విన్నాక, ఆ తర్వాత మరో గిటారిస్టు జిమ్మీ పేజ్ చేతిలో చూశాక, జనం వెనక్కెళ్లి వెతకడం మొదలుపెట్టారు. ఇవాళ మంచి బర్స్ట్ ఒక్కటి మన డబ్బుల్లో కోట్లు పలుకుతుంది. అప్పుడు చేసినవాటికంటే ఇప్పుడు చలామణీలో ఉన్నవే ఎక్కువని ఆ వ్యాపారంలో ఓ పాత జోకు.

ముందు ఆ ఎరుపు సంగతి చూద్దాం. గిబ్సన్ మొదట్లో వాడిన ఎర్ర రంగు ఎండకు ఆగదు. రంగు అణువులో ఒకటి విడిచి ఒకటిగా ఉండే జంట బంధాల వల్లే మనకు ఎరుపు కనిపిస్తుంది. వెలుతురులోని శక్తి ఆ బంధాలను తెంపుకుంటూ పోతుంది. పసుపుకి కాస్త ఓర్పు ఎక్కువ. షాపు అద్దాల వెనక ఏళ్ల తరబడి వేలాడిన గిటార్ నిమ్మపండు రంగుకి దిగిపోతుంది. మంచం కింద పెట్టెలో పడుకున్నది చెర్రీ పండులా అలాగే ఉండిపోతుంది. వెలిసినదాంట్లో కూడా, వైరు గుచ్చే చోట పక్కన బిగించిన ప్లాస్టిక్ బిళ్ల మరలు విప్పి చూస్తే, దాని కింద వెలుగు సోకని ఎరుపు చదరంగా నిలిచి ఉంటుంది. మొదటి నుంచే వెలిసిన రంగు కలిపి కొట్టిన నకిలీలో ఆ చదరం ఉండదు. తెలివైనవాడైతే ఆ చదరాన్నీ మర్చిపోడు, అది వేరే మాట. 1960 మధ్యలో కంపెనీ త్వరగా వెలవని ఎరుపుకి మారింది. కాబట్టి ఆ ఏడాది చివరి నంబరున్న గిటార్ మరీ నిమ్మరంగులో ఉంటే దాన్నీ అనుమానించాల్సిందే.

పైన పూసిన లక్కరు నైట్రోసెల్యులోజ్‌తో చేసింది. దూది పీచును నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో ముంచితే వచ్చే పదార్థమిది. పాత సినిమా రీళ్లకూ తుపాకీ మందుకూ దగ్గరి చుట్టం. పూసి అరవై ఏళ్లయినా కుదురుగా ఉండదు. పచ్చబడుతుంది, పెళుసెక్కుతుంది. చలికీ వేడికీ కింది కర్ర సాగి ముడుచుకుంటుంటే పైన సన్నని బీటలు తీస్తుంది. ఈ బీటల కోసం నకిలీలు చేసేవాళ్లు గిటార్‌ను ఫ్రీజర్లో పెట్టి తీసి వేడిగాలి కొడతారు. అంత ఓపిక లేనివాళ్లు బ్లేడుతో గీస్తారు. భూతద్దంలో చూస్తే బ్లేడు గీత కోసిన గాడిలా దొరికిపోతుంది. ఫ్రీజర్ బీట అంత సులువుగా దొరకదు.

లోపల వైర్ల దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. వాల్యూమ్ గుబ్బ కింద ఉండే పొటెన్షియోమీటరు వీపు మీద చిన్న అంకెలు కొట్టి ఉంటాయి. 134 832 అని ఉంటే, 134 సెంట్రలాబ్ కంపెనీ సంకేతం, 8 అంటే 1958, 32 అంటే ఆ ఏడాది ముప్పై రెండో వారం. గిటార్ కంటే పొటెన్షియోమీటరు ముందు పుట్టి ఉండాలి. తర్వాత పుట్టిందంటే నకిలీ కావచ్చు, లేదా ఎప్పుడో రిపేరు జరిగి ఉండొచ్చు. ఇక్కడే చిక్కు. పాత పొటెన్షియోమీటర్లు, కెపాసిటర్లు, చివరికి ప్లాస్టిక్ చట్రాలు కూడా విడిగా వేల డాలర్లకు దొరుకుతాయి. ఇంజను ఒక బండిది, ఛాసిస్ ఇంకో బండిది అన్నట్టు, ప్రతి మరా అసలుదే అయి గిటార్ మాత్రం అబద్ధం కావచ్చు.

అన్నిటికంటే కష్టమైనది గోల్డ్‌టాప్ మార్పిడి. 1952 నుంచి బర్స్ట్‌కి ముందు వచ్చిన ఇదే మోడల్ లెస్ పాల్‌లకు బంగారు రంగు వేసేవారు. కర్ర అదే, కర్మాగారం అదే, పనివాళ్లూ వాళ్లే. ఆ రంగు గీకేసి ఎరుపూ పసుపూ కొడితే దాదాపు బర్స్టే. పట్టించేవి రెండు. బంగారు పూతలోని పొడిలో రాగి ఉంటుంది. గీకినవాడు మర్చిపోయిన మూలల్లో అది చిలుముపట్టి ఆకుపచ్చగా మిగిలి ఉండొచ్చు. రెండోది కర్ర అతుకు. బర్స్ట్‌లో పైన మేపుల్ చెక్క కంటికి కనిపిస్తుంది కాబట్టి రెండు ముక్కల్ని సరిగ్గా నడిమధ్యన కలిపేవారు. బంగారు రంగు కింద ఎవరు చూస్తారని గోల్డ్‌టాప్‌లలో ఎన్ని ముక్కలైనా, అతుకు ఎక్కడ పడినా పట్టించుకోలేదు. మార్పిడి అని చెప్పి అమ్మితే అది నిజాయితీ గల బేరమే, కొనేవాళ్లూ చాలామంది ఉన్నారు. నా లెక్కన మోసం రంగులో లేదు, ఆ ఒక్క మాట దాచడంలో ఉంది.

చిత్రకళలో దొంగపనిని పట్టడానికి కార్బన్-14 వాడిన సందర్భాలున్నాయి. 1950ల నడుమ నుంచి 1963 దాకా జరిగిన అణుపరీక్షలు గాలిలో దాన్ని దాదాపు రెట్టింపు చేశాయి. ఆ తర్వాత పెరిగిన చెట్టులో, పత్తిలో ఆ గుర్తు ఉంటుంది. అయితే దానికి ముక్క కోసివ్వాలి. కోట్ల గిటార్‌ను ఎవరు గీకనిస్తారు? పాత బల్ల చెక్కతో చేసిన నకిలీ దగ్గర ఆ పరీక్షా ఓడిపోతుంది.

ఈ పరీక్షలన్నీ ‘ఇది కాదు’ అని చెప్పగలవే గాని ‘ఇదే’ అని చెప్పలేవు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియని సంతలో ఏమవుతుందో ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్ 1970లో పాత కార్లను ఉదాహరణగా తీసుకుని చూపించాడు. మోసపోతామన్న భయంతో అందరూ తక్కువ ధరే ఇవ్వబోతారు, ఆ ధరకు మంచి సరుకున్నవాళ్లు సంత వదిలిపోతారు, చివరికి చెత్తే మిగులుతుంది. చెడ్డ కారును అమెరికన్లు ‘లెమన్’ అంటారు. బాగా వెలిసిన బర్స్ట్‌నూ కలెక్టర్లు ‘లెమన్’ అనే పిలుస్తారు, అయితే ముచ్చటపడి.

కొత్తగా పుట్టించలేని సాక్ష్యం ఒకటుంది, పాత ఫొటో. కర్రలోని చారలూ ముడులూ వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి రావు. కెనడా గాయకుడు రాండీ బాక్‌మన్ 1957 నాటి నారింజరంగు గ్రెచ్ గిటార్ 1976లో టొరంటో హోటల్లో పోయింది. దశాబ్దాల తర్వాత ఓ అభిమాని ఇంట్లో కూర్చుని, పాత చిత్రాల్లోని కర్ర గుర్తులను ఇంటర్నెట్‌లోని బొమ్మలతో పోల్చుకుంటూ వెళ్లి, టోక్యోలో ఒక సంగీతకారుడి చేతిలో దాన్ని పట్టుకున్నాడు. 2022 జులై 1న బాక్‌మన్ అక్కడికే వెళ్లి, బదులుగా అలాంటిదే ఇంకో గిటార్ ఇచ్చి తెచ్చుకున్నాడు.

తీగల కదలికను విద్యుత్తుగా మార్చే బర్స్ట్ పికప్‌ల అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని చిన్న స్టిక్కరు ఉంటుంది. పైన లోహపు మూత, దాన్ని కర్మాగారంలోనే టంకంతో అతికించారు. లోపలి తీగచుట్టల ప్లాస్టిక్ మామూలుగా నలుపు, కొన్నిటిలో మీగడ రంగు. మీగడ రంగువాటికి ధర బాగా ఎక్కువ. ఏ రంగో చూడాలంటే టంకం కరిగించాలి. కరిగిస్తే ఎవరూ విప్పని పికప్ అన్న విలువ పోతుంది. అందుకని చాలామంది విప్పరు. మూత అలాగే ఉంచి, లోపల ఏముందో తెలియకుండానే డబ్బు లెక్కపెట్టి ఇచ్చి ఇంటికి తీసుకెళ్తారు.