సర్ జాన్ లారెన్సు పొగయోడ

నేడు కలకత్తానుండి జగన్నాథ దర్శనార్థము పోవువారు రాత్రి రైలెక్కి మఱునాటి యుదయమునకు పూరీ చేరుచున్నారు. 1887వ సంవత్సరమున నీ సౌకర్యము లేదు. పూరీకి రైలు వచ్చినది 1897లో. అంతకుముందు దినములకొలది నడవలేని యాత్రికులు పొగయోడ నెక్కి, హుగ్లీ నది దాటి, సముద్రముమీదుగా వైతరణీ నదిపై నున్న చాందబాలి రేవునకు పోయి, అచ్చటినుండి ముందునకు సాగుచుండిరి. యమలోక మార్గమున గలదని పురాణములు చెప్పెడు నదిపేరే యీ నదికిని గలదు.

ఆ యేట మే నెలలో సర్ జాన్ లారెన్సు అను పొగయోడ యాత్రికులతో చాందబాలికి బయలుదేరెను. అందున్నవారు 700లకు పైబడినవారు. వారిలో స్త్రీలే హెచ్చు. జన్మకొక్కసారి స్వామిని చూడవలెనని కాసు కాసు కూడబెట్టుకొన్న యిల్లాండ్రు, వితంతువులు నట్టి యాత్రలకు బయలుదేరుచుండిరి. మే 25వ తేదీ తుపానులో నా యోడ మునిగిపోయెను. యాత్రికులు తిరిగి రాలేదు.

తుపాను మన కోస్తా సోదరీమణులకు క్రొత్తగాదు. బంగాళాఖాతమున నైరృతి ఋతుపవనమునకు ముందు మే నెలలోను, పిమ్మట అక్టోబరు, నవంబరు నెలలలోను నిది పుట్టుచుండును. 1864 నాటి తుపాను తరువాత, 1865లో, కలకత్తా రేవునకు ప్రమాద సూచనలు తెలుపు నేర్పా టేర్పడెను. కాని యా సూచన రేవులోనున్న యోడకే గాని, నడిసముద్రమున నున్నదానికి చేరదు. తీగలేని తంతి యప్పటి కింకను పుట్టలేదు. నదీముఖము దాటిన పిమ్మట ఆకాశమును, గాలిని, అలలను జూచి యోడనాయకుడు తెలిసికొన్నంతయే వార్త. నేడు ఉపగ్రహములు తుపానును పుట్టినచోటనే కనిపెట్టుచున్నవి. రేడియో వార్త నడిసముద్రమునకును పోవుచున్నది.

ఈ దుర్ఘటనను విని, యువకుడైన రవీంద్రనాథ ఠాకూరు ‘సింధుతరంగ’ మను కావ్యఖండమును వ్రాసెను. కలకత్తాలోని ఛోటేలాల్ ఘట్టమున వారి స్మృత్యర్థ మొక శిలాఫలకము గలదు. దానిని పెట్టించినవారు కొందఱు ఆంగ్లేయ స్త్రీలు. మరణించినవారి మతము వేఱు, భాష వేఱు; వారి ముఖములైన నెఱుగరు. అయినను యాత్రకు పోయి యిల్లు చేరని స్త్రీల దుఃఖము స్త్రీలుగా వారికి దెలిసినది. ఫలకముపై తమ పేళ్లను వ్రాయించుకొనలేదు. మృతుల పేళ్లును దానిపై లేవు.

కాళీఘట్టమునకు పోవు మన సోదరీమణులు గంగ యొడ్డుననున్న యా రాతినిగూడ నొకసారి చూచి రావలెనని మేము కోరుచున్నాము.