ఘన్‌పూర్ ఏ జిల్లాలోనిది?

2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణలో జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగినది. ఆనాడు ప్రధానముగా పూర్వపు వరంగల్ జిల్లా భూభాగము నుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వెలసినవి. పటములు తిరిగి గీయుట ప్రభుత్వము పని. గ్రామచరిత్రలలో, పాఠములలో, పాఠశాల కంప్యూటరులోని దస్త్రములలో ‘వరంగల్ జిల్లా’ అని ఉన్నచోటులన్నియు దిద్దుట ఎవరి పని? సాధారణముగా అది ఉపాధ్యాయుని నెత్తినే పడును.

ఎడిటరులో ఒక మాటను వెతికి మరొక మాట నిలుపుట అందరెరిగినదే. కాని ‘వరంగల్ జిల్లా’ను అన్నిచోట్ల ‘జనగామ జిల్లా’గా మార్చుమన్నచో, యంత్రము మారు పలుకక కురవిని, రేగొండను సైతము జనగామలో కలిపివేయును. కురవి మహబూబాబాద్ జిల్లాలోనిది. రేగొండ భూపాలపల్లి జిల్లాలోనిది.

ఇట్టి చోట అక్కరకు వచ్చునది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఇది మాటను గాక, మాట యొక్క ఆకారమును తెలుపు నమూనా. 1950ల నాడు అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ ఈ భావమునకు పునాది వేయగా, కెన్ థాంప్సన్ పాఠ్యములో వెతుకుటకు తగిన పద్ధతిని 1968లో ప్రకటించెను. వెతుకు గడిలో ఇట్లు వ్రాయుదము:

(పాలకుర్తి|దేవరుప్పుల|కొడకండ్ల) మండలం, వరంగల్ జిల్లా

నిలువు గీతకు ‘లేదా’ అని అర్థము. కుండలీకరణముల నడుమ ఏ పేరు దొరికినదో యంత్రము జ్ఞాపకముంచుకొనును. మార్చు గడిలో ‘$1 మండలం, జనగామ జిల్లా’ అని వ్రాసినచో దేవరుప్పుల దేవరుప్పులగనే నిలిచి, జిల్లా మాత్రమే మారును. కొన్ని ఎడిటర్లలో $1కి బదులు \1 అని వ్రాయవలెను.

మన లిపిలో ఒక వింత కలదు. జనగామ అనియు, జనగాం అనియు రెండు విధములుగ వ్రాయుచున్నారు. ‘జనగా[మం]’ అను నమూనా రెండింటిని పట్టును. చదరపు కుండలీకరణములలో మన కంటికి కనబడునది ఒకే అక్షరము. యూనికోడ్ లెక్కలో మకారము వేరు, సున్న వేరు. వానిలో ఏదో ఒకటి యని యంత్రము గ్రహించును. ఛందస్సు చదివిన విద్యార్థికి ఇది విడ్డూరముగా తోచక మానదు! మహబూబాబాదుకు మానుకోట యను పేరు కూడ ఉన్నది; ఆ రెంటికి ఆకారములో పోలిక లేదు గనుక నిలువు గీతయే శరణ్యము.

అసలు చిక్కు ఘన్‌పూర్‌తో. స్టేషన్ ఘన్‌పూర్, లింగాల ఘన్‌పూర్ జనగామ జిల్లాలోనివి. ఘన్‌పూర్ (ములుగు) భూపాలపల్లి జిల్లాలోనిది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరు జిల్లా అయినను ఇది అందులో చేరలేదు. పైగా పేరులోని కుండలీకరణములను యంత్రము తన గుర్తులుగా భావించును. కావున ‘ఘన్‌పూర్ \(ములుగు\)’ అని ఏటవాలు గీతలు చేర్చవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము చరిత్రలో పొంచియున్నది. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య కడవెండిలో తుపాకిగుండుకు నేలకొరిగెను. కడవెండి నేడు జనగామ జిల్లాలోనిది. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నుండెను. ఆనాటి ‘నల్లగొండ’ను నేటి ‘జనగామ’గా దిద్దినచో విద్యార్థి లేని జిల్లాను చదువును. అందుచేత మొదట ‘19[0-9][0-9]’ అని వెతికి, గత శతాబ్దపు సంవత్సరములున్న వాక్యములకు గుర్తు పెట్టుకొనవలెను. తక్కినవానిని కూడ ‘అన్నీ మార్చు’ అను మీట జోలికి పోక, ఒక్కొక్కటిగా చూచి మార్చుట మేలు.