ఫోటోలో నా తల ఎందుకు అతకలేదు?



ఆఫీసు గదిలో పోయిన ఏడాది మా ఎనిమిదో తరగతి గ్రూపు ఫోటో ఉంది, మీరందరూ చూసే ఉంటారు. రెండో వరుసలో చివర ఉన్నది నేనే. చూసిన వాళ్ళందరూ నవ్వుతారు. ఆ ఫోటో తీసిన రోజు నేను హాస్టల్లో లేను. అమ్మమ్మకి జొరం ఎక్కువైందని నాగాయలంక దగ్గర మా గుడిసెకి పోయాను. మా నాయన ఎవరి సెల్లోనో తీయించిన నా ఫోటో ఒకటి ఉంటే, స్టూడియో ఆయన అందులోంచి తల తీసి కంప్యూటర్‌లో వరుస చివర అతికించాడు.

సంక్రాంతికి నన్ను తీసుకుపోవడానికి వచ్చినప్పుడు అమ్మ ఆ ఫోటో చూసింది. అమ్మకి అక్షరాలు రావు గానీ ఏ బొమ్మనైనా బాగా చూస్తుంది. వరుసలన్నీ రెండుసార్లు వేలు పెట్టి వెతికి "నువ్వేడున్నావే?" అంది. చూపించాను. "ఇది నువ్వు కాదు" అంది. ముఖం నాదే, జడలు నావే. మరి నేను ఎందుకు కాను? ఈ అనుమానం నాకు చాలా రోజులు ఉండిపోయింది.

దసరా ముందు మన సైన్సు మేడం గారి తమ్ముడు వచ్చారు కదా. ఆ సారు హైదరాబాదులో సినిమాలకి కంప్యూటర్ బొమ్మలు కలిపే పని చేస్తారు. నేను ఈ సంగతి అడిగితే నవ్వలేదు. "ముందు రెండు అట్టపెట్టెలు తీసుకురా" అన్నారు.

చెప్పుల పెట్టె ఒకటి 30 సెంటీమీటర్ల పొడుగుది. ఇంకొక దాన్ని సగానికి, 15 సెంటీమీటర్లకి కోశాం. ప్రతి పెట్టెకీ ముందు సూదితో బెజ్జం, వెనక నూనె రాసిన కాగితం. రెండింటికీ కాగితం ఒకే వెడల్పు. వాటిని పట్టుకుని ప్రకాశం బ్యారేజీకి పోయాం. కృష్ణ ఒడ్డున ఎండలో నిలబడి, తల మీద దుప్పటి కప్పుకుని చూస్తే బ్యారేజీ తలకిందులుగా కాగితం మీద పడింది! దుప్పటి కింద ఉక్కపోసింది గానీ అది చూసి ఎవరమూ బయటికి రామన్నాం.

బ్యారేజీకి 70 గేట్లు. పొట్టి పెట్టెలో ఇంచుమించు 14 గేట్లు కనిపించాయి, చిన్న చిన్నగా. పొడుగు పెట్టెలో 7 గేట్లే, కానీ పెద్దగా. పొడుగు రెండింతలైతే కనిపించేది సగమైంది. తర్వాత సారు పొట్టి పెట్టె కాగితాన్ని సగం అట్టతో మూసేశారు. మళ్ళీ 7 గేట్లే! అసలు సంగతి ఇక్కడే ఉంది. 7 గేట్ల బొమ్మ ఒకటి నా చేతికిచ్చి "ఇది ఏ పెట్టెలోది?" అని అడిగితే నేను చెప్పలేను. పొడుగు పెట్టెదైనా కావచ్చు, పొట్టి పెట్టెలో చిన్న కాగితానిదైనా కావచ్చు.

కెమెరాలో బెజ్జం బదులు లెన్సు ఉంటుంది, నూనె కాగితం బదులు సెన్సార్ అనే చిన్న పలక. దూరపు వస్తువు బొమ్మ స్పష్టంగా పడడానికి లెన్సుకీ పలకకీ ఉండే దూరమే ఫోకల్ లెంగ్త్. మన పుస్తకంలో దీన్నే నాభ్యంతరం అంటారు. లెక్క ఇలా ఉంటుంది. పలక వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ కూడా 36 అయితే, 100 మీటర్ల దూరంలో 100 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. అదే లెన్సు వెనక 18 మిల్లీమీటర్ల పలక పెడితే 50 మీటర్లే. పలక 18, లెన్సు కూడా 18 అయితే మళ్ళీ 100. కాబట్టి "నాది 36 లెన్సు" అని ఒక్క మాట చెప్తే ఏమీ చెప్పినట్టు కాదు. పలక ఎంతో కూడా చెప్పాలి. సెల్‌ఫోన్లలో అయితే ఇంకా చిక్కు. వీడియో తీసేటప్పుడు కొన్ని ఫోన్లు పలకలో కొంత భాగాన్నే వాడతాయట.

ఇక సినిమా. "ఈగ" (2012) మనమందరం హాస్టల్ టీవీలో చూశాం. రాజమౌళి గారి ఆ సినిమాకి హైదరాబాదులోని మకుట సంస్థ పనికి జాతీయ అవార్డు వచ్చింది. సుదీప్ గారు కొట్టబోయినప్పుడు అక్కడ ఈగ లేదు, తర్వాత కంప్యూటర్‌లో చేసి పెట్టారు. కెమెరా కదలకపోతే ఇలా పెట్టడం కొంచెం సులువు. "మాయాబజార్" మన బ్యారేజీ పూర్తయిన 1957లోనే వచ్చింది. అప్పట్లో కంప్యూటర్ లేదు కదా, మాయలు చేసేటప్పుడు ఎక్కువగా కెమెరాని కదలకుండా బిగించేవారు. ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు గారు నూజివీడులో పుట్టారు, ఇది చాలామందికి తెలియదు.

కెమెరా కదిలితే ఏమవుతుందో రైల్లో చూడండి. కృష్ణ వంతెన మీద పోయేటప్పుడు కిటికీ పక్క ఇనప దూలాలు టకటకా వెనక్కి పోతాయి, బ్యారేజీ నెమ్మదిగా జరుగుతుంది, దుర్గమ్మ కొండ కదిలీ కదలనట్టు ఉంటుంది. సినిమాకి సెకనుకి 24 బొమ్మలు. కంప్యూటర్ ఒక్కో బొమ్మలో గోడ మూల, రాతి మచ్చ లాంటి గుర్తులు పట్టుకుని, ఏది ఎంత జరిగిందో చూసి, కెమెరా ఎక్కడ నిలబడి ఎటు కదిలిందో కనిపెడుతుంది. ఇదే ట్రాకింగు. అప్పుడు ఈగని ఆ గోడ మీద కూర్చోబెడతారు. లెన్సు, పలక కొలతలు తప్పుగా చెప్తే కెమెరా ఎక్కడుందో కంప్యూటర్ తప్పుగా అనుకుంటుంది. ఈగ గోడ మీద నిలవక, తాడు కట్టని పడవలా జారుతుంది. కొలతలు చెప్పకపోయినా కంప్యూటర్ కొన్నిసార్లు తనే ఊహించగలదట, కానీ తేడా వస్తుందట. అందుకే షూటింగులో ఒకరు పుస్తకం పట్టుకుని ఏ షాటుకి ఏ లెన్సో రాసుకుంటారు. నాకు ఆ ఉద్యోగం ఇష్టం.

ఇప్పుడు నా తల. సెల్లో పొట్టి లెన్సు ఉంటుంది, ముఖం నిండుగా రావాలంటే దగ్గరికి రావాలి. నన్ను 40 సెంటీమీటర్ల దూరం నుంచి తీశారనుకోండి. చెవులు ముక్కు కంటే 10 సెంటీమీటర్లు వెనక, అంటే 50లో ఉన్నాయి. అందుకే ముక్కు ఉబ్బి, చెవులు చిన్నబోయాయి. మీ అందర్నీ 5 మీటర్ల దూరం నుంచి తీశారు. అంత దూరంలో 10 సెంటీమీటర్లు యాభయ్యో వంతే, ముఖాలు సరిగ్గా వచ్చాయి. ముఖాన్ని మార్చింది లెన్సు కాదు, దూరం. నా తలని ఎంత పెంచినా తగ్గించినా ఆ వరుసలో నిలబడదు. కెమెరా ఎక్కడుందని నా తల గురించి ఎవరూ అడగలేదు. అమ్మ మాత్రం చూడగానే పట్టేసింది.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఈ ఏడాది గ్రూపు ఫోటో ఏ రోజో వారం ముందే బోర్డు మీద రాయించండి. పీతల సీజన్‌కి ఇంటికి పోయిన వాళ్ళు మా తరగతిలో ఇప్పుడు ముగ్గురున్నారు. కబురు పెడితే వచ్చేస్తారు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని